పదకొండు రోజుల పువ్వు

ఆమె పోయి పది రోజులైంది. మూడో రోజున పరామర్శకు వెళ్లి ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చున్నాను. వచ్చినవాళ్లందరిదీ ఒకే మాట. ఎంత మంచి మనిషి, ఆ నోట ఒక్కనాడైనా చెడు కబురు విన్నామా అని. పాల్వంచలో మా వీధి వీధంతా ఆ మాట మీదే ఉంది. నేనూ తల ఊపాను. ఊపానే గానీ కోపం ఆగలేదు. ఒక్క చెడు కబురు, ఒకే ఒక్కటి, ముందటేడు మే నెలలో నా చెవిన వేసి ఉంటే ఆమె సొమ్మేం పోయేది?

పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోవద్దని మా అమ్మ అనేది. నాకు చేతకాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమెను నేను ఆపా అని పిలిచేదాన్ని, వాళ్లింటి మాటలో అక్క. మావి పక్కపక్క ఇళ్లు. మధ్యన నడుమెత్తు గోడ. వాళ్లది పరుపులు కుట్టే కుటుంబం. భర్త ఉన్న రోజుల్లో ఆయన దూది ఏకితే ఆమె కుట్టేది. ఆయన పోయాక కొడుకులు బస్టాండు దగ్గర దుకాణం పెట్టారు. అయినా పెళ్లి పరుపు కావాలంటే తెలిసినవాళ్లు దుకాణానికి వెళ్లకుండా నేరుగా ఇంటికి వచ్చి, ఆపా చేతి కుట్టే కావాలని కూర్చునేవాళ్లు. ఆమె కొంగుకు ఎప్పుడూ ఒక దబ్బనం గుచ్చి ఉండేది, గోనె సంచులు కుట్టేంత పెద్ద సూది. పెళ్లిళ్లకు వెళ్లినా సరే. ఆ దబ్బనంలోకి దారం ఎక్కించీ ఎక్కించీ ఒక కన్ను మూసి చూడటం అలవాటైపోయి, చివరికి లోకాన్నంతా అలాగే చూసేది. బండి మీది వంకాయల్నీ, కొడుక్కి వచ్చిన సంబంధం ఫోటోనీ, నన్నూ. ఈ ఇంట్లో దిగిన కొత్తలో ఈమె నాకెందుకు కన్ను కొడుతోందో అర్థం కాక రెండు రోజులు గోడ వైపు వెళ్లలేదు.

వాళ్ల పెరట్లో గోడను ఆనుకుని ఒక కానుగ చెట్టు ఉండేది. సగం కొమ్మలు మా వైపు. మా బదనికలన్నీ దాని మీదే. ఇప్పుడందరూ ఆర్కిడ్లంటున్నారు, నర్సరీల్లో ప్లాస్టిక్ కుండీల్లో పెట్టి అమ్ముతున్నారు గానీ, మా అడవి అంచున చెట్టు మీద చెట్టు మొలిస్తే ఏదైనా బదనికే. వేసవి గాలిదుమారాలకు భద్రాచలం రోడ్డు పొడుగునా కొమ్మలు విరిగిపడతాయి. పడ్డ కొమ్మ మీద బదనిక కనిపిస్తే ఆపా ఆటో ఆపించి ఒళ్లో పెట్టుకుని తెచ్చేది. నిలబడ్డ చెట్టు మీద చెయ్యి వేసేది కాదు.

ఆటోలో ఆమె భద్రాచలం వెళ్లేది పీచు కోసం. గుడి దగ్గర కొట్టిన కొబ్బరికాయల పీచు మూటలు కట్టి అమ్ముతారు. ఇంటికి తెచ్చి మూట విప్పి, కుంకుమ అంటిన పీచు కనిపిస్తే తీసి పక్కన పెట్టేది.

"దేవుని కాడి పీచు. మనుషులు పండుకునే పరుపుల ఎట్ల ఏస్తం టీచరమ్మా? చెట్టుకు పెడుదం" అనేది.

ఆ పీచును అరచేతి మందాన పరిచి, బదనిక వేర్లను అందులో పొదివి, దబ్బనంతో కానుగ బెరడుకు కుట్టేసేది. అందరిలా తాడుతో కట్టడం ఆమెకు నచ్చదు. పరుపుకు అక్కడక్కడ గుండీ కుట్టినట్టు నాలుగు కుట్లు, ఒక ముడి. "పైపై బెరడుకే పొడవాలె. లోపలికి పోతే చెట్టుకు నొస్తది" అనేది. ఏడాది తిరిగి కుట్టిన సుతిలి దారం చివికి రాలిపోయేలోగా వేర్లు చెట్టును పట్టుకునేవి. నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. మొక్కను చెట్టుకు కుట్టడం నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. అయినా ఆ కానుగ మీద ఆమె కుట్టినవి పద్నాలుగు బతికాయి.

మా ఊళ్లో మే నెల అంటే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం ఇనప గేటు ముట్టుకుంటే చెయ్యి అంటుకుపోతుంది. అలాంటి ఎండలో ఆ పద్నాలుగింటినీ పూయించేవాళ్లం. పడమటి వైపు తడి గోనెపట్టా వేలాడదీసేవాళ్లం. తెల్లవారుతూనే ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి నీళ్లు చిలకరించేవాళ్లం. నడి మధ్యాహ్నం నేను జాలిపడి చెంబు పట్టుకుంటే గోడ అవతలి నుంచే అరిచేది. "ఎండల తాపకు, ఉడికిపోతయి! వేర్లు చూడు. తెల్లగైతే దూపయినట్టు, పచ్చగైతే దూప తీరినట్టు. చెట్టే చెప్తాంటే నడుమ నువ్వెవరు?" ఆకుల మీది దుమ్ము తుడవడానికి నాకొక పాత పరుపు గుడ్డ ముక్క ఇచ్చింది, తనొకటి ఉంచుకుంది.

ఎక్కువ పూసేది గళ్ల బదనిక. గోధుమ రంగు రేకుల మీద ముదురు గీతల గళ్లు, నడుమ ఊదా రంగు నాలుక. "చూడు, మా పరుపు గుడ్డ లెక్కనే ఉన్నది" అని మొదటిసారి విరగబడి నవ్వింది. అవి విచ్చుకున్న రోజుల్లో కరెంటు ప్లాంటు ఫస్టు షిఫ్టు బస్సు వెళ్లిపోగానే ఇద్దరం గోడకు చెరో వైపు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకునేవాళ్లం. గోడ మీద రెండు గ్లాసుల చాయ్. అరగంట మాటలుండవు. నేను ఆగలేక పువ్వు దగ్గరికి చెయ్యి చాపితే దబ్బనం చూపించి బెదిరించేది.

"కూసోని చూడు. ముట్టుకున్నోళ్లు చూసుడు బంద్ జేస్తరు."

నా ఉద్యోగం, ఇల్లు, అత్తగారు, పరీక్ష పేపర్లు, వీటన్నిటి మధ్యా ఏడాదికి నాకు దొరికే పండగ ఆ అరగంటలే. దాచడమెందుకు, ఆ అరగంటల్లో ఆమె మీద నాకు చాలా ప్రేమ ఉండేది.

చెడు కబురు ఆమె నోట రాదన్న మాట నిజం. అందులో నాకేం అనుమానం లేదు. ఒక వేసవి నేను అతిగా నీళ్లు పోసి ఒక బదనికను మొవ్వు కుళ్లేలా చేశాను. ఆకు పట్టి లాగితే ఊడొస్తోంది. ఆపా ఒక కన్ను మూసి చూసి "పండుకున్నది టీచరమ్మా, లేస్తది" అంది. నెలంతా అదే మాట. చివరికి నేనే తీసి పారేశాను. భర్త దవాఖానాలో ఉన్నప్పుడు ఎవరు అడిగినా "చాయ్ తాగిండు, మంచిగున్నడు" అనేదట. ఆయన పోయిన రోజు కూడా దూరపు చుట్టాలకు కబురు చెప్పింది పెద్ద కొడుకే. ఇవన్నీ తెలిసి కూడా మెత్తటి మనసని మురిసిపోయాను. ఆ మెత్తదనం ఒకనాడు నా మీదికే వస్తుందన్న ఆలోచన ఈ జీవశాస్త్రం టీచరమ్మకు రాలేదు.

ఇక నక్కతోక సంగతి. అది నాది.

పాల్వంచ రాకముందు నేను భద్రాచలం దాటి చర్ల వైపు ఒక అడవి పల్లెలో పనిచేశాను. బడిలో మధ్యాహ్నం భోజనం వండే కోయ ఆవిడ ఉండేది. ఆమెను వంటక్క అనేదాన్ని. ఆమె ఇంటి వెనక ఒక పెద్ద ఇప్పచెట్టు, దాని మీద ఆమె పుట్టక ముందు నుంచీ ఒక బదనిక. వేసవిలో తెల్లటి పూలగెల నక్కతోకలా కిందికి వేలాడేదట. నేను బదిలీ అయిన ఏడు గాలివానకు ఆ చెట్టు కూలింది. వంటక్క మొక్కను విడదీసి నాలుగు చోట్ల కట్టుకుంది, ఒకటి నా చేతిలో పెట్టింది. ఆమె కట్టుకున్న నాలుగూ ఎండిపోయాయి.

"ఆ చెట్టుది అదొక్కటే మిగిలె పంతులమ్మా" అంది ఫోన్లో. "పూసిననాడు నాకొక మాట చెప్పు. వచ్చి చూసి పోత."

చెప్తానన్నాను. నా ఎదుటే పూయిస్తాను, నా కళ్లతో చూసి మరీ చెప్తాను అన్నాను. ఆపా దాన్ని కానుగ పంగలో, మా వైపు కొమ్మ మీద కుట్టింది. ఆరు వేసవులు ఆకులే. వంటక్క ఏడాదికోసారి ఫోన్ చేసేది. "పూసిందా?" "లేదక్కా." అంతే సంభాషణ. ఏడో వేసవి, మే మొదట్లో, ఆకు సందు నుంచి వేలెడంత గెల తొంగిచూసింది. పచ్చటి చిన్న చిన్న మొగ్గలు. నేను గోడ పట్టుకుని గెంతాను. ఆపా ఒక కన్ను మూసి చాలాసేపు చూసి, "ఈసారి పక్కా" అంది.

సరిగ్గా అప్పుడే ఖమ్మంలో మా చెల్లెలికి గర్భసంచి ఆపరేషన్ అన్నారు. వెళ్లక తప్పదు. బ్యాగు సర్దుకుని గోడ దగ్గరికి వెళ్లి, "ఆపా, నా పువ్వు నీ చేతుల పెడుతున్న" అన్నాను.

"ఫికర్ చెయ్యకు. నువ్వు పొయ్యిరా" అంది. నా తల మీద చెయ్యి వేసి మరీ అంది.

మర్నాటి నుంచి పొద్దున ఏడింటికి ఫోన్ చేసేదాన్ని. దవాఖానా వరండాలో ఫ్యాను కింద నిలబడి.

"గెల జానెడయింది" అంది మొదటి రోజు.

మూడో రోజు ఒక మొగ్గ విచ్చిందంది. ఐదో రోజుకు సగం గెల. "తెల్లటి రేకులు. మీద ఊదా సుక్కలు, సూదితోటి పొడిచినట్టు. ఒక్కొక్క పువ్వు శనగగింజంత ఉన్నదంటే నమ్ము." అప్పటికి చెల్లెలికి ఆపరేషన్ అయింది. కుట్ల నొప్పితో నవ్వడానికి లేదు, తుమ్మడానికి లేదు. ఫోన్ స్పీకర్లో పెట్టి ఆమె పక్కన ఉంచేదాన్ని. రోజూ ఏడింటికల్లా కళ్లు తెరిచి, "మీ ఆపాకు ఇంకా చెయ్యలేదా?" అని అదే అడిగేది. వాసన ఎలా ఉందని ఏడో రోజు అడిగింది కూడా చెల్లెలే.

"పొద్దుగాలనే ఉంటది బిడ్డా. ఎండెక్కినంక ఉండదు. దూరంగ ఎవరింట్లనో పాయసంల ఏలక్కాయ ఏసినట్టు, గంతే" అంది ఆపా. తొమ్మిదో రోజు తేనెటీగ వచ్చిందట. "ఏ పువ్వుల దూరాలెనో దానికే తెలుస్తలేదు. గెల సుట్టు తిరుగుతనే ఉన్నది."

కోడలి ఫోన్లోంచి ఒక ఫోటో పెట్టించమని రెండుసార్లు అడిగాను.

"ఫోటోల వాసన రాదు టీచరమ్మా. వచ్చి చూడు" అంది.

ఎంత గొప్ప మాట అనుకున్నానో! ఆ మాటను ఫోన్లో స్టేటస్ కూడా పెట్టుకున్నాను. ముప్పై మంది గుండె బొమ్మలు పెట్టారు.

ఆ సంబరంలోనే వంటక్కకు ఫోన్ చేశాను. పూసిందక్కా అన్నాను. "నీ కండ్లతోటి చూసినవా?" అంది. ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. ఏడేళ్లు కాపలా కాసి, తీరా పూసే వేళకు ఊళ్లో లేనని చెప్పడానికి నామోషీ అనిపించింది. "చూసినక్కా, నా ముంగటనే ఉన్నది" అన్నాను. సుక్కలూ వాసనా తేనెటీగా అన్నీ ఆపా చెప్పినట్టే చెప్పాను. బీడీలకు తునికాకు ఏరే రోజులు, పని ఎగ్గొడితే ఆ రోజు పోయినట్టే. అయినా గురువారం వస్తానంది. నేనూ గురువారం పొద్దున్నే ఆమెకంటే ముందు పాల్వంచ చేరేలా బస్సు చూసుకున్నాను. దాని ముందు రోజు ఆపా చెప్పిన ఆఖరి మాట, "మూరెడు దాటింది. జల్దీ రా."

నా బస్సు ఆలస్యమైంది. దిగేసరికి వంటక్క బస్టాండు బల్ల మీద కూర్చుని ఉంది. కొంగులో తునికిపండ్ల మూట. నా చేతిలోని బ్యాగు చూసింది.

"యాడికెల్లి వస్తున్నవ్?"

"నిన్న చెల్లె దగ్గరికి పోయిన అక్కా. చూసి వచ్చేస్తున్న" అన్నాను. ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు.

వీధి మలుపు తిరగగానే నాకు తేడా తెలిసింది. మా ఇంటి మీద వెలుగు ఎక్కువగా ఉంది. ఎప్పుడూ నీడ ఉండే చోట గోడ తెల్లగా మెరుస్తోంది. గోడ అవతల కానుగ లేదు. మోకాలెత్తు మొద్దు ఉంది. దాని పక్కన ఎర్రమట్టి చదును చేసి, రేకుల షెడ్డుకు నాలుగు ఇనప స్తంభాలు పాతారు.

వంటక్క మూట గోడ మీద పెట్టి, వంగి మొద్దును తడిమింది. నరికిన ముఖం మీద పగుళ్లు చూసింది. పక్క నుంచి పొడుచుకొచ్చిన చిగుళ్లను వేలి కొసతో కొలిచింది. అడవిలో పుట్టి పెరిగిన మనిషి. నాకు మొద్దు కనిపించిన చోట ఆమెకు తారీఖు కనిపించింది.

"ఇది నిన్న కొట్టింది కాదు" అంది. "గింత చిగురొచ్చిందంటే పది దినాలు దాటింది."

నేను వేళ్లు మడిచి లెక్క పెట్టుకున్నాను. పది దినాలు దాటింది అంటే నేను ఖమ్మంలో దిగిన మర్నాడు. జానెడు గెల, ఊదా సుక్కలు, ఏలక్కాయ వాసన, దారి తెలియని తేనెటీగ, అన్నీ ఈ మొద్దు మీద పూశాయన్నమాట.

వంటక్క నా ముఖంలోకి చూసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నిన్ననే గద పోయినన్నవ్. నీ కండ్లతోటి చూసినన్నవ్ గద పంతులమ్మా. నీ మాట మీద పని ఇడిసిపెట్టి బస్సెక్కిన."

పక్కింటామె చెప్పిందక్కా అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ నా ముంగటనే ఉన్నది అన్నది నేనే. ఇంట్లోకి రా, కాసిన్ని నీళ్లు తాగు అన్నాను. వద్దంది. మూట అక్కడే వదిలేసి బస్టాండు వైపు నడిచింది. ఎండలో ఆ వీపు చిన్నదై మలుపు తిరిగే దాకా నిలబడ్డాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎవరి ముందూ అంత సిగ్గుపడలేదు.

అప్పుడు వచ్చింది ఆపా. గుమ్మంలో నిలబడి, "చెల్లె ఎట్లున్నది? చాయ్ పెట్టాల్నా?" అంది.

"నా పువ్వేది ఆపా?"

"చిన్నోడు ఫోమ్ పరుపులు తెప్పిస్తున్నడు. ట్రాలీ ఆటో లోపలికి రావాలెనంటే చెట్టు అడ్డమైతాందన్నడు. నేనేం చెయ్యాలె?"

"నా పువ్వేది?"

"మెల్లగ దించమని కూలోళ్లకు చెప్పిన. వాళ్లకేం తెలుసు. కొమ్మ పడంగనే నలిగింది." టబ్బులో వేసి ఉంచిన ఐదు గళ్ల బదనికల్ని చూపించింది. "ఇవి దక్కినయి. తీస్కపో."

"మొదటి రోజు చెప్పలేదు, సరే. పదకొండు రోజులు! పదకొండు రోజులు లేని పువ్వును పూయించినవ్ గద ఆపా! చెల్లె కూడ విన్నది. నేను ఆ మనిషికి చెప్పిన, ఆమె అడవిల పని ఆపుకొని వచ్చింది. నా మాట పోయింది!"

"నీ చెల్లెకు కుట్లు పడ్డయి. గప్పుడెట్ల చెప్పుదు? నువ్వు రోజు అడిగితివి. అడిగితే ఏమని చెప్పాలె?" అంది. పైగా ఆమె గొంతులోనే నిష్ఠూరం. అడగడం నా తప్పన్నట్టు.

ఆ తర్వాత పలకరింపులు మానలేదు. పక్కపక్క ఇళ్లు, ఎలా మానతాం? రంజాన్ పండగకు షీర్ ఖుర్మా పంపితే తీసుకున్నాను, ఉగాదికి పులిహోర పంపాను. కుర్చీ మాత్రం ముందు వరండాలోకి మార్చేశాను. ఐదు గళ్ల బదనికలూ మా జామచెట్టు మీద పూశాయి. నేను కట్టాను, తాడుతో. అవి పూసిన పొద్దుల్లో ఆమె గోడ దగ్గరికి వచ్చి తొంగిచూసేది. నేను చూడనట్టు పేపరు అడ్డం పెట్టుకునేదాన్ని. మనసులో మాత్రం ఒక సర్దుబాటు చేసుకున్నాను. పాపం, కొడుకు మాట దాటలేని ముసలామె. ఒక్క పూటలో జరిగిపోయింది. చెప్పే ధైర్యం లేకపోయింది, అంతే. ఈ రెండేళ్లూ ఆమెతో ముఖం చూసి మాట్లాడానంటే ఆ సర్దుబాటు మీదే.

పరామర్శ రోజున చాప మీద నా పక్కనే వాళ్ల చిన్న కోడలు కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. అందరూ తలా ఒక మంచి మాట చెబుతుంటే తనూ నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"మా అత్తమ్మకు మీరంటే ఎంత పాణమో తెలుసా టీచర్? చెట్టు కొట్టాలని మా ఆయన ఉగాదికే అన్నడు. రంపం మిషన్ తెచ్చేటోన్ని గూడ మాట్లాడిండు. అత్తమ్మనే ఆపింది. టీచరమ్మ చూస్తే తట్టుకోదు, ఆమె ఎటన్న ఊరికి పొయ్యిందాక ఆగుండ్రి అన్నది. మీరు ఖమ్మం పోయిన సాయంత్రమే ఆయనకు ఫోన్ చేసి, ఇగ ఆ మిషనోన్ని రమ్మను అని చెప్పింది. గంత మంచి మనసు!"

చుట్టూ ఉన్నవాళ్లు అవునవునని నిట్టూర్చారు. కోడలు అమాయకంగా నా వైపు చూస్తోంది. నేను అవునమ్మా అన్నాను.

ఉగాది అంటే మార్చి. గెల రాకముందే ఆమెకు తెలుసు. నేను గోడ పట్టుకుని గెంతిన రోజు, ఈసారి పక్కా అన్న రోజు తెలుసు. నా పువ్వు నీ చేతుల పెడుతున్నా అంటే నా తల మీద చెయ్యి వేసిన రోజు తెలుసు. ఒక్క మాట చెబితే నేను నిచ్చెన వేసుకుని ఆ నాలుగు కుట్లూ విప్పి, నక్కతోకను మా జామచెట్టు మీదికి మార్చుకునేదాన్ని. గంట పని. ఆ గంట నాకు ఇవ్వలేదు. నేను బాధపడటం తను చూడాల్సి వస్తుందని నేను ఊరు దాటేదాకా కాచుకుంది. నన్ను కాపాడానని అనుకుంటూనే పోయి ఉంటుంది. అది తలుచుకుంటే మరీ మండుతుంది.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా వంటక్కకు ఫోన్ చేశాను. రెండేళ్లుగా ఆమె నాకు చెయ్యలేదు, నాకు చెయ్యడానికి ముఖం చెల్లలేదు. తునికాకు కట్టలు కడుతున్నట్టుంది, వెనక ఆకుల చప్పుడు.

"అక్కా, నేను. పంతులమ్మను."

"అవ్, గుర్తువట్టిన. చెప్పు."

"ఆ పువ్వు నేను చూడలేదక్కా. నా కండ్లతోటి చూసిన అన్నది అబద్ధం. నువ్వు వచ్చిననాటికి నేను పన్నెండు దినాల సంది ఊర్ల లేను. పక్కింటామె ఫోన్ల చెప్తే నమ్మి నీకు చెప్పిన. ఆమె గూడ చూడలే. అది అసలు పూయనే లేదు."

ఆకుల చప్పుడు ఆగింది. తిట్టమని మనసులో మొక్కుకున్నాను.

"పూయలేదా?" అంది.

"లేదక్కా."

"మా ఇప్పచెట్టు మీద గట్లనే ఉండె" అంది. "గవే సుక్కలు. పొద్దుగాల గదే వాసన. తేనెటీగ గట్లనే తిరుగుతుండె. నువ్వు ఫోన్ల చెప్తాంటే మా యమ్మ ఇంటెనక నిలబడ్డట్టే అనిపిచ్చింది. సూడనోళ్లు గంత సక్కగ చెప్పలేరు పంతులమ్మా. గామె అడవిల యాడనో సూసే ఉంటది." ఆకుల చప్పుడు మళ్లీ మొదలైంది. "ఒకపాలి గామెతోటి మాట్లాడిపియ్యవా? ఆ పువ్వు ముచ్చట ఇంకోపాలి ఇంట."

ఊరెళ్లిందక్కా అని నాలిక కొస దాకా వచ్చింది. ఎంత సులువుగా వచ్చిందో చూసి నాకే భయమేసింది.

"చచ్చిపోయిందక్కా. వారం కూడ కాలేదు" అన్నాను.

"అయ్యో" అంది వంటక్క. ముఖమైనా ఎరగని మనిషి కోసం, మనసారా అంది.

ఆ అయ్యో అనాల్సింది నేను. ఇప్పటికీ నా నోట రాలేదు.